సదరు వ్యక్తి లిఫ్టెక్కిన రోజు

ఆ కోర్టు భవనంలో లిఫ్టుకి మీటలున్నాయి గానీ అవి అలంకారానికే. లోపలికి అడుగుపెట్టిన మనిషి నిజంగా ఎక్కడికి వెళ్ళాలనుకుంటే అక్కడికే అది వెళ్తుంది. పొద్దున పదింటికి నాలుగో అంతస్తు మీట నొక్కిన గుమస్తా మూడో అంతస్తు క్యాంటీన్లో తేలతాడు. ఓడిపోయే కేసు చంకన పెట్టుకొచ్చిన వకీలు ఎంత నొక్కినా లిఫ్టు కింది నుంచి అంగుళం కదలదు. అందుకే పరువు గల వకీళ్ళు మెట్లెక్కుతారు. రిపేరువాళ్ళు ఏటా వచ్చి తీగలకి గ్రీజు పూసి, మోటారు విప్పి చూసి, అంతా బాగానే ఉందని సంతకం పెట్టి, ఇంటికి పోదామన్న తొందరలో సర్రున కిందికి దిగిపోతారు.

దాన్ని నడిపే ఆవిడని అందరూ లిఫ్టక్క అంటారు. యాభై రెండేళ్ళుంటాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ లిఫ్టులో ఎత్తు స్టూలు మీద కూర్చుని కటకటాల తలుపు తీయడం, వేయడం చేస్తోంది. చూసేవాళ్ళకి అంతే కనిపిస్తుంది. అసలు పని వేరే ఉంది. లిఫ్టులో ఉన్నంతసేపూ ఆవిడ ఏమీ కోరుకోకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి, ఇంట్లో స్టవ్ ఆపానో లేదో అన్న అనుమానం రాగానే, ఆరుగురు మనుషుల్నీ ఒక జడ్జినీ కలిపి రివ్వున కిందికి దింపేసింది. ఆ చీవాట్ల తర్వాత ఒక ఉపాయం కనిపెట్టింది. పంతొమ్మిదో ఎక్కం. తలుపు వేయగానే మనసులో మొదలుపెడుతుంది. పంతొమ్మిది ఎనిమిదులు ఎంతో తడుముకుంటున్న బుర్రలోకి ఇంకో కోరిక దూరడానికి సందు ఎక్కడుంటుంది?

ప్రతి బుధవారం నాలుగో అంతస్తులో గార్డియన్ కేసులు. తమ మంచీ చెడ్డా తాము తేల్చుకోలేరని కోర్టు అన్న పెద్దవాళ్ళకి ఇంకొకరిని గార్డియన్‌గా పెడతారు. ఇక అక్కడి నుంచి వాళ్ళు ఎక్కడ ఉండాలి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఎవరితో తిరగాలి, అన్నీ గార్డియన్ ఇష్టమే. వాళ్ళ పేరు కాగితాల్లో మొదటి వరుసలో ఒక్కసారి వస్తుంది. ఆ తర్వాత చివరిదాకా "సదరు వ్యక్తి".

ఆ సదరు వ్యక్తుల్లో లిఫ్టక్కకి బాగా తెలిసింది పాప. పాప అంటే నలభై ఒక్కేళ్ళ మనిషి, చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది కూడా. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడుకి ఏదో దెబ్బ తగిలిందట. మాటలు రాకపోలేదు. వస్తాయి, నింపాదిగా వస్తాయి. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య కళ్ళజోడు తుడిచి పెట్టుకోవచ్చు. అంతసేపు ఆగే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి, ఆవిడ మొదలుపెట్టిన వాక్యాన్ని పక్కవాళ్ళే పూర్తి చేసేస్తారు. తల్లి పోయాక ఎనిమిదేళ్ళుగా అన్నయ్యే గార్డియన్. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. ఆవగింజంత స్క్రూలు బిగించడంలో పాప చెయ్యి ఆయన చెయ్యి కన్నా నయం అని ఆయనే చెబుతాడు.

ఏటా ఒకసారి కోర్టు ఆ కేసు తిరిగి చూస్తుంది. అన్నయ్య లోపలికి వెళ్తాడు, పాప బయట బెంచీ మీద కూర్చుంటుంది. లోపలికి ఎందుకు పిలవరని లిఫ్టక్క ఒకసారి బెంచి క్లర్కుని అడిగింది. ఆయన ఫారం తీసి చూపించాడు. అందులో కింద నుంచి మూడో వరుసలో "సదరు వ్యక్తి హాజరు అవసరం లేదు" అని అచ్చేసే ఉంది. ఎవరూ నిర్ణయించింది కాదు, ఎవరూ రాసింది కాదు. ఎప్పుడో ప్రెస్సువాడు అచ్చు పేర్చినప్పటి నుంచీ అలా వస్తోంది.

లిఫ్టులో కూడా ఒక బోర్డుంది. సదరు వ్యక్తులు గార్డియన్ తోడు లేకుండా ఎక్కరాదు. దానివల్ల ఏమయిందంటే, ఇన్నేళ్ళలో లిఫ్టు ఎప్పుడూ గార్డియన్ల ఇష్టం ప్రకారమే ఎక్కి దిగింది. వాళ్ళది గట్టి కోరిక, తొందర కోరిక. పక్కనున్న మనిషి కోరికకి వంతు రాలేదు.

ఈ నెల మొదటి తేదీ నుంచి కొత్త చట్టం వచ్చింది. అందరికన్నా ఎక్కువ హడావుడి బెంచి క్లర్కుది. ముప్పై ఏళ్ళుగా ఒకే రకం ఉత్తర్వు టైపు కొట్టి కొట్టి విసిగిపోయిన మనిషి, ఆ పలచటి పుస్తకాన్ని చొక్కా జేబులో పెట్టుకుని క్యాంటీన్లో, మెట్ల మీద, లిఫ్టులో, ఎవరు దొరికితే వాళ్ళకి చదివి వినిపిస్తున్నాడు.

"లిఫ్టక్కా, ఇది విను. ముందు మనిషిని అడగాలట! అడిగాకే మిగతావన్నీ. గార్డియన్ అన్నది ఇంకే దారీ లేనప్పుడేనట. లేకపోతే సహాయకుడే. అంటే పక్కన ఉంటాడు, అర్థమయ్యేలా చెప్తాడు. నిర్ణయం మాత్రం ఆ మనిషిదే."

"మాట రానివాళ్ళనో?"

"అదీ రాశారు! 'వారికి అనువైన ఏ పద్ధతిలోనైనా వారి ఇష్టం తెలుసుకోవలెను.' ఏ పద్ధతిలోనైనా! చూశావా?" అని ఆ వరుస కింద గోటితో గీత గీశాడు.

ఆ పుస్తకం ప్రకారం నడిచే మొదటి కేసు పాపదే అయింది. అదీ మామూలు కేసు కాదు. ఊరి నుంచి ఒక పూట ప్రయాణం దూరంలో ఇలాంటి వాళ్ళని చూసుకునే ఆశ్రమం ఒకటుంది. వచ్చే నెల నుంచి అక్కడ ఒక మంచం ఖాళీ అవుతోంది, పాపని పంపించేస్తానని అన్నయ్య అర్జీ పెట్టాడు. వీల్లేదు, నా దగ్గరే ఉంటుందని పిన్ని ఇంకో అర్జీ పెట్టింది. ఇవాళ తేలిపోవాలి. లిఫ్టక్క మాత్రం పిన్ని పక్షం. పాపని ఎక్కడో ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య వదిలేస్తారన్న మాట విన్నప్పటి నుంచి ఆవిడకి అన్నం సహించడం లేదు.

నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపుకి ఎదురుగానే కోర్టు తలుపు. లిఫ్టక్క స్టూలు మీద నుంచే అన్నీ చూసింది.

"మేడమ్, నాకు యాభై ఏడు," అంటున్నాడు అన్నయ్య. "నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారు? ఇప్పుడు పంపిస్తే నేనుండగానే అలవాటు పడుతుంది."

"అలవాటు పడటానికి అదేమన్నా సామానా?" పిన్ని అందుకుంది. "నా ఇంట్లో ఒక గది ఉత్తినే ఉంది. నా కళ్ళ ముందుంటుంది."

జడ్జిగారు ఈ కోర్టుకి కొత్త. ఇద్దరు చెప్పిందీ విని, "మరి ఆవిడేమంటున్నారు?" అంది.

"పాపకేం తెలుసు మేడమ్!" అన్నారు అన్నయ్య, పిన్ని ఒక్క గొంతుతో. ఆ కేసు మొత్తంలో వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

పిలవమన్నారు. పాపని చెరో చెయ్యీ పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చారు. జడ్జిగారు ముందుకి వంగి, ఎక్కడ ఉండాలనుంది అని అడిగింది. పాప నోరు తెరిచింది.

"ఎక్కడైనా ఉంటుంది మేడమ్, గొడవ చేసే రకం కాదు," అన్నాడు అన్నయ్య.

"నా దగ్గరైతే చిన్నప్పటి నుంచీ చనువు," అంది పిన్ని.

పాప నోరు మూసేసుకుంది. జడ్జిగారు ఇంకోసారి అడిగింది. ఇంకోసారి అదే జరిగింది. పాపని మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టారు. లిఫ్టక్కకి ఆ కటకటాలు పీకి వాళ్ళ నెత్తిన వేయాలన్నంత కోపం వచ్చింది.

అప్పుడు బెంచి క్లర్కు లేచాడు. జేబులోంచి పుస్తకం తీసి, గీత గీసిన వరుస చదివి, గొంతు సవరించుకుని, "మేడమ్, మనకి లిఫ్టుంది కదా" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు! ఓడిపోయే వకీలు భయాన్ని బయటపెట్టిన లిఫ్టు, గుమస్తా టీ దాహాన్ని దాచని లిఫ్టు, ఇక్కడే, పదడుగుల దూరంలో ఉంది. సదరు వ్యక్తిని ఒంటరిగా ఎక్కించి చూద్దామని ఒక్కరంటే ఒక్కరు అనుకోలేదు.

"బోర్డు?" అన్నారెవరో.

"బోర్డు పాత చట్టానిది," అని క్లర్కు ఒక్క ఉదుటున వెళ్ళి ఆ బోర్డు ఊడబీకాడు. మేకులతో సహా వచ్చింది.

జడ్జిగారు కాసేపు ఆలోచించి సరేనంది. ఏర్పాట్లు నిమిషాల్లో జరిగిపోయాయి. మొదటి అంతస్తు రికార్డుల గది దగ్గర పాప ఎక్కాలి. అక్కడ కాగితాలు తప్ప ఎవరూ లేరు కాబట్టి ఎవరి వైపూ మొగ్గు ఉండదు. కిందికి వెళ్ళిందంటే పిన్ని దగ్గరికి. పిన్ని కింద గేటు దగ్గర నిలబడుతుంది. రెండో అంతస్తుకి వచ్చిందంటే ఆశ్రమానికి. అక్కడ సంక్షేమ శాఖ గది ముందు ఆశ్రమం మేనేజరు, ఆయన పక్కన అన్నయ్య.

కబురు భవనమంతా పాకింది. వకీళ్ళు గౌనులు ఎగ్గట్టుకుని మెట్లు దిగారు. టైపిస్టులు సగం వాక్యాల్లో లేచారు. పాప కచ్చితంగా టీకే వస్తుందని క్యాంటీన్‌వాళ్ళు ఒక కప్పు పోసి పెట్టారు. నాలుగో అంతస్తులో జడ్జిగారు తప్ప ఎవరూ మిగల్లేదు. ఆవిడకీ చూడాలనే ఉంది గానీ, కుర్చీ దిగి మెట్ల మీద నిలబడితే బాగుండదని ఆగిపోయింది.

మొదటి అంతస్తులో పాప లిఫ్టెక్కింది. స్టూలు మీద లిఫ్టక్క ఉంది. తలుపు మూసి ఎక్కం మొదలుపెట్టింది. పంతొమ్మిది ఒకట్లు పంతొమ్మిది. పంతొమ్మిది రెళ్ళు ముప్పై ఎనిమిది. పంతొమ్మిది మూళ్ళు... పాప చెప్పులకి ఈమధ్యే కొత్త పట్టీ కుట్టించినట్టున్నారు, బహుశా పిన్నే కుట్టించి ఉంటుంది, మంచి మనిషి, ఆవిడ దగ్గరుంటే వేళకింత తింటుంది, దేవుడా దీన్ని కిందికే...

లిఫ్టు గజగజ వణికి జానెడు కిందికి జారింది.

బయట జనం గోల పెట్టారు. లిఫ్టక్క పాప వంక చూసింది. పాప తన వంకే చూస్తోంది, బెంచీ మీద కూర్చోబెట్టినప్పుడు ఎలా చూసిందో అలాగే. వాళ్ళిద్దరూ పాప నోట్లో మాట లాక్కున్నారని తిట్టుకుంది కదా, తను చేసిందేమిటి?

"నేను దిగిపోతానమ్మా," అంది. "నాకు నీ మీద బోలెడు ఆశలున్నాయి. నేనుంటే నీ పని జరగదు."

ఇరవై రెండేళ్ళలో డ్యూటీ మధ్యలో లిఫ్టక్క లిఫ్టు దిగడం అదే మొదలు. స్టూలు కూడా బయటికి లాగేసింది. కటకటాల తలుపు బయట నుంచి మూసి, తలుపు పైన అంకెల మీద తిరిగే ముల్లు వైపు అందరితో పాటు తనూ తలెత్తింది.

ముల్లు కదల్లేదు. ఎవరో దగ్గారు, పక్కవాళ్ళు ఉరిమి చూశారు.

ముల్లు కదిలింది. పైకి!

"రెండు! రెండు!" అని అరిచారు పై మెట్ల మీద వాళ్ళు. ఆశ్రమమే అన్నమాట. కానీ ముల్లు రెండు దగ్గర ఆగలేదు. కటకటాల్లోంచి పాప పాదాలు పైకి పోవడం అన్నయ్య నోరెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయాడట. "మూడు! టీ!" అని క్యాంటీన్‌వాళ్ళు కేక పెట్టారు. మూడూ దాటింది.

"నాలుగు!"

ఇక చూడాలి ఆ మెట్ల మీద తొక్కిసలాట. దిగినవాళ్ళంతా వెనక్కి తిరిగారు, ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళ మీద పడ్డారు. అందరినీ దాటుకుని లిఫ్టక్క ముందుకొచ్చేసింది. ఇన్నేళ్ళుగా ఆ భవనంలో ఒక్క మెట్టెక్కని మనిషి, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని రెండేసి మెట్లు ఎక్కుతోంది. మోకాళ్ళు మొరాయిస్తున్నా నవ్వొస్తోంది. నాలుగో అంతస్తులో ఏముంది? ఎవరున్నారు? ఎవరూ లేరే!

ఆవిడ పైకి చేరేసరికి లిఫ్టు తలుపు తీసి ఉంది. పాప ఆ పదడుగులూ దాటి, కోర్టు గుమ్మం దాటి, ఖాళీ బల్లల మధ్య నుంచి నడిచి వెళ్ళి, సాక్షి బోనులో నిలబడి ఉంది. రెండు చేతులూ కటకటం మీద పెట్టుకుంది. ఎవరూ రాని కోర్టులో కాళ్ళకి గాలి తగలనిద్దామని బూట్లు విప్పుకున్న జడ్జిగారు, బల్ల కింద కాళ్ళతో వాటికోసం తడుముకుంటోంది.

లిఫ్టక్కకి అప్పుడు అర్థమైంది. ఎనిమిదేళ్ళుగా పాప వెళ్ళాలనుకున్నది ఈ గదిలోకే. ఆవిడని ప్రశ్న అడిగారు. జవాబు ఆవిడ దగ్గర ఉంది. అది చెప్పడానికి వచ్చింది, అంతే.

"మీరు..." అంది జడ్జిగారు.

పాప వెనక్కి తిరిగి చూసింది, ఆ మాట ఎవరినో అని.

"మిమ్మల్నే. మీరు చెప్పండి. నాకేం తొందర లేదు."

ఈలోగా జనం వచ్చి గుమ్మంలో నిండిపోయారు. అన్నయ్య అందరినీ తోసుకుని ముందుకొచ్చి నోరు తెరిచాడు. జడ్జిగారు వేలెత్తింది. నోరు మూశాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఎవరో బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకున్నారు. కింద నుంచి పిన్ని ఆయాసపడుతూ వచ్చి లిఫ్టక్క భుజం పట్టుకుని నిలబడింది.

"గడియ," అంది పాప.

అందరూ ఆగారు. వాక్యం పూర్తి చేయాలని ఎన్ని నాలుకలు దురద పెట్టాయో గానీ, ఆగారు.

"లోపల... ఉండాలి."

జడ్జిగారికి అర్థం కాలేదు. అన్నయ్యకి మాత్రం అయింది. "అది, మేడమ్..." అన్నాడు. "షాపు వెనక గదిలో ఉంటుంది. ఒకరోజు చెప్పకుండా రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. లారీ సడన్‌గా బ్రేకు వేసింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే గడియ బయట వైపు పెట్టించాను. నేనే పెట్టించాను. ఎనిమిదేళ్ళ నుంచీ రాత్రిళ్ళు నేనే వేస్తున్నాను. భయంతో చేశాను మేడమ్. తీయమని ఇది ఏ రోజూ అడగలేదు, తీయాలని నేనూ అనుకోలేదు."

"ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" జడ్జిగారు పాపనే అడిగింది.

"అక్కడే. గదిలో."

"ఆశ్రమం?"

"వద్దు." ఈ మాట మాత్రం గబుక్కున వచ్చింది.

"పిన్నిగారిల్లు?"

పాప పిన్ని వైపు చూసి నవ్వింది. "అప్పుడప్పుడు," అంది. తర్వాత చాలాసేపు ఆగింది. "పిన్ని... వంట... నేర్పాలి. నాకు."

"నేర్పుతానే! ఎన్నడైనా నోరు తెరిచి అడిగావా?" అని ఏడుస్తూ కసిరింది పిన్ని. వెంటనే, తెరిచినప్పుడల్లా అడ్డం పడింది ఎవరో గుర్తొచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి రోడ్డు?" అంది జడ్జిగారు. అది తేల్చకుండా సంతకం పెట్టే మనిషి కాదు ఆవిడ.

"అన్నయ్యతో... దాటుతా."

క్లర్కు టైపు మిషన్ ముందు కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో కొట్టని మాటలు కొట్టాలి. జడ్జిగారు చెప్పడం మొదలుపెట్టింది. గార్డియన్ ఉత్తర్వు రద్దు. ఈవిడ తన గదిలోనే ఉంటారు. గడియ లోపలి వైపు మార్చాలి, ఇవాళే. ఈవిడకి ఒక సహాయకుడు అవసరం కనుక...

"నేనుంటాను మేడమ్," అన్నాడు అన్నయ్య. "మీరు ఒప్పుకుంటే."

"నన్నెందుకు అడుగుతున్నారు?" అంది జడ్జిగారు. "ఆవిడని అడగండి."

యాభై ఏడేళ్ళ మనిషి చెల్లెలి వైపు తిరిగాడు. ఆవిడకి అన్నం పెట్టాడు, మందులిచ్చాడు, జ్వరమొస్తే పక్కన కూర్చున్నాడు. అడగడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు.

"నేను నీకు తోడుగా ఉండనా అమ్మా?"

పాప ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. క్లర్కు వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి. అన్నయ్య నుదుటి మీద చెమట జారి కంట్లో పడినా తుడుచుకోలేదు. వద్దంటుందేమో! వద్దనే హక్కు ఇవాళ్టి నుంచి ఆవిడకి ఉంది, అది ఆ గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు.

"ఉండు," అంది పాప.

ఆయన అప్పుడు చెమట తుడుచుకున్నాడు.

"ఆదివారం... వద్దు."

ముందు నవ్విందెవరో తెలియదు గానీ, మరుక్షణం కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కూడా కాగితం అడ్డం పెట్టుకుంది. అన్నయ్య మాత్రం నవ్వలేదు. ఆదివారం తను ఏం చేసేవాడో గుర్తు తెచ్చుకుందామని చూశాడు, గుర్తు రాలేదు. ఎనిమిదేళ్ళయింది. అప్పుడు ముందుకొచ్చి బోను కటకటం మీద, చెల్లెలి చేతుల పక్కన, తన చేతులు పెట్టి, "ఆదివారం రాను," అన్నాడు. "నేను కూడా ఎక్కడికైనా వెళ్ళొస్తాను."

"వెళ్ళు," అని అనుమతిచ్చింది పాప.

"ఇది కూడా రాయాలా మేడమ్?" అన్నాడు క్లర్కు.

"రాయండి."

క్లర్కు "సదరు వ్యక్తి" అని కొట్టబోయి ఆగి, పేజీ పైకి వెళ్ళి ఆవిడ పేరు చూసుకుని వచ్చాడు. పూర్తి పేరు కొట్టాడు. దాని పక్కన, వారికి వారి అన్నగారు సహాయకుడుగా ఉండుటకు వారే అంగీకరించినారు అని కొట్టి, ఒక కామా పెట్టి, ఆదివారములు మినహా అని కొట్టాడు.